పూలతోట: హైడ్రాంజియా పెద్దపొదలు



ఈ శీర్షికక్రింద సాధారణముగా మన యూళ్ళ పెరళ్ళలో బెరుగు మల్లె, జాజి, మందారము మొదలగువానిని గూర్చి ముచ్చటించుకొనుట వాడుక. ఈ మాసమున మాత్రము మన మైదానములకు గ్రొత్తయైన యొక పొదను గూర్చి వ్రాయుచున్నాము. దీనికి గారణము లేకపోలేదు. నేడు మన తెలుగు కుటుంబములు పెక్కు అమెరికా, కెనడా, ఇంగ్లండు మున్నగు శీతలదేశములలో స్థిరపడియున్నవి. అచ్చట సొంతయిల్లు కొన్న యిల్లాలికి వీథివాకిండ్లయందు దఱుచుగా గంటబడు పొద హైడ్రాంజియా. కొబ్బరికాయంతేసి పూగుత్తులతో, నీలము, గులాబి, తెలుపు రంగులతో ఇరుగుపొరుగు వారి యిండ్లముందర నది నిండుగా నిలిచియుండును. తన యింట నాటినది మాత్రము నాలుగేండ్లైనను మోకాలియెత్తు దాటదు. దాటినను ఆకులేగాని పూవు గానరాదు. ఇటు మన పట్టణములలోనో, నర్సరీలో నిండుపూతతో గొని తెచ్చిన కుండీమొక్క మొదటి వేసవికే మాడిపోవును. అక్కడి కూతురికిని ఇక్కడి తల్లికిని రూకలు వ్యర్థమగును, సంవత్సరములును వ్యర్థమగును.

ఈ రెండు చిక్కులకును మూలమొక్కటియే. హైడ్రాంజియా యనునది యొక మొక్క పేరు గాదు, ఒక కుటుంబము పేరు. ఒకే యింటికి నాలుగూళ్ళనుండి వచ్చిన నలుగురు కోడండ్రవలె దానిలోని రకములకు వేఱువేఱు స్వభావములు గలవు. ఒకటి యెండకు వెఱవదు; ఒకటి మధ్యాహ్నపునీడ లేనిదే సుఖపడదు. ఒకదానిని ఏటేట గోయవచ్చును. ఒకదానిని అకాలమున గోసితిమా, ఆ యేటి పూత పోయినట్లే. మన యింట నున్నది యేదో యెఱుగకుండ కత్తెర పట్టుటచేతనే పొదలు చిక్కిపోవుచున్నవి. కావున పెద్దపొద కోరు సోదరి మొదట మొక్క నెఱుగవలెను. పిదప దానికి దగిన చోటియ్యవలెను. ఆ పిమ్మట కత్తెర నెప్పుడు దీయవలయునో, ఎప్పుడు దాచవలయునో తెలిసికొనవలెను. తక్కిన పనులన్నియు సులభములు.

పుట్టినిండ్లు

హైడ్రాంజియాలకు ముఖ్యముగా బుట్టినిండ్లు రెండు: తూర్పున జపాను, చైనా మొదలగు దేశములు, పడమట అమెరికా ఖండము. గ్రీకుభాషలో నీరు, పాత్ర యను నర్థములుగల రెండు మాటలను గూర్చి యీ పేరు కట్టిరి. దీని విత్తులకాయ చిన్న నీటిపాత్రవలె నుండుటచే నా పేరు వచ్చినదందురు. నీటియందు దీనికిగల మక్కువను జూచినను ఆ పేరు తగినదే యనిపించును.

జపానులో దీనిని "అజిసాయి" యందురు. జూన్ నెల వానలలో నది పూచును. కామకురా పట్టణమున మేయిగెట్సు-ఇన్ అను బౌద్ధాలయము ఈ పూవులకు బ్రసిద్ధికెక్కినది. 1823లో నాగసాకికి వచ్చిన సీబోల్డు అను జర్మను వైద్యుడు ఆ దేశపు మొక్కలను సేకరించి వర్ణించుచు, ఒక హైడ్రాంజియాకు "ఒటాక్సా" యని పేరు పెట్టెను. తనతో గాపురముచేసిన జపాను స్త్రీ కుసుమొతో తాకిని "ఒ-తాకి-సాన్" అని పిలుచుటనుండి యా పేరు పుట్టినది. వారి కూతురు కుసుమొతో ఇనే 1827లో జన్మించి, పాశ్చాత్యవైద్యము నభ్యసించి వైద్యవృత్తి సాగించిన జపాను స్త్రీలలో మొదటిదిగా బేరుగాంచినది. నాగసాకి వారు నేటికిని ఈ పూవునే తమ నగరపుష్పముగా నెంచుకొనుచున్నారు.

ఇంకొక విషయము. మనము పూరేకులని తలచునవి నిజముగా రేకులు గావు. పెద్దవై రంగు దాల్చిన రక్షకపత్రములు. అసలు పూవులు చిన్న గింజలవలె వాని నడుమ నుండును. ఈ కారణముననే కొమ్మమీది గుత్తి రేకు రాలక వారములకొలది నిలుచును.

నాలుగు రకములు

ఇండ్లలో దఱుచుగా బెంచునవి నాలుగు. అమ్మినవారి చీటి పోయినను ఆకును బూవును జూచి గుర్తింపవచ్చును.

మొదటిది మాక్రోఫిల్లా, అనగా పెద్దాకులది. జపాను సముద్రతీరపు మొక్క. ఆకు దళసరిగా, వెడల్పుగా, నిగనిగలాడుచుండును. గుత్తి బంతివలె నుండును. కొన్నింట గుత్తి చదునుగా నుండి, నడుమ చిన్నపూవులును అంచున పెద్దవియు గుండ్రముగా నమరును. నీలము, గులాబి రంగులు ముఖ్యముగా దీనికే. ఎత్తు 3 మొదలు 6 అడుగులు. ఇది గత సంవత్సరపు కొమ్మపై బూచును.

రెండవది పానికులాటా. జపాను, చైనాలదే, కాని గట్టిపిండము. పూగుత్తి కోసుగా, చిన్న గోపురమువలె నుండును. కొమ్మపై ఆకులు మూడేసి యొక్కచోట బుట్టుట తఱుచు. తెల్లగా బూచి, ముదురుచు గులాబిరంగునకు దిరుగును. సున్నకు 30 డిగ్రీలు దిగువనుండు చలినిగూడ నోర్చును. 8 మొదలు 15 అడుగుల వఱకు బెరుగును. ఇది ఆ సంవత్సరపు క్రొత్తచిగురుపై బూచును.

మూడవది అర్బోరెసెన్స్. అమెరికా తూర్పుభాగపు టడవులది. ఆకు పలుచగా, నిగ్గు లేక, తమలపాకు పోలికగా నుండును. బంతివంటి తెల్లని గుత్తులు. ఎత్తు 3 మొదలు 5 అడుగులు. ఇదియు క్రొత్తచిగురుపైనే పూచును.

నాలుగవది క్వెర్సిఫోలియా. అమెరికా ఆగ్నేయభాగమునది. ఆకు ఓకుచెట్టు ఆకువలె లోతుగా జీలియుండును; శరత్కాలమున ఎఱ్ఱబాఱి పూవులకంటె నందముగా నుండును. అలబామా రాష్ట్రమువారు 1999లో దీనిని తమ రాష్ట్రపు అడవిపూవుగా నెన్నుకొనిరి. 6 మొదలు 8 అడుగులు పెరుగును. ఇది మాక్రోఫిల్లావలె పాతకొమ్మపై బూచును.

కావున ఆళ్ళెత్తు పొద కావలెనన్న పానికులాటాను గాని క్వెర్సిఫోలియాను గాని తెచ్చుకొనవలెను. మూడడుగులకు మించని రకమును దెచ్చి, ఎరువులు గుప్పించి, ఎనిమిదడుగులు పెరుగలేదని చింతించుట మొక్కతప్పు గాదు.

చోటు

కొనునపుడు మొక్క జానెడుండును. కనుక గోడప్రక్కన జానెడు చోటు చాలుననిపించును. అయిదేండ్లకు అది కిటికీని గప్పును, నడవబాటకు అడ్డము వచ్చును. అప్పుడు కత్తిరింపక తప్పదు. పెక్కు పొదల దురవస్థ కిదియే మొదలు. చీటిపై వ్రాసిన పూర్తి వెడల్పును జూచి, అందులో సగమునకు దక్కువ కాకుండ గోడనుండి యెడముగా నాటవలెను. ఎనిమిదడుగుల వెడల్పు పెరుగు పొద నడిమి కాండమునకును గోడకును నాలుగడుగుల యెడముండవలెను. అంతవఱకు బోసిగా గనబడిన చోట నేటేట వేయు పూలమొక్కలను నింపుకొనవచ్చును.

మాక్రోఫిల్లాకు ఉదయపుటెండ, మధ్యాహ్నపునీడ మేలు. ఇంటికి దూర్పువైపున నుంచుట మంచిది. చల్లని ప్రాంతములలో బానికులాటాకు దినమంతయు నెండ తగిలినను హాని లేదు. చీకటినీడలో బెట్టినచో సన్నగా సాగును, పూవు తగ్గును. పెద్దచెట్ల మొదట నేదియు నాటరాదు. చెట్టువేళ్ళు నీటినంతయు లాగివేయును. చలిగాలి సూటిగా వీచు మూలయు మాక్రోఫిల్లాకు బనికిరాదు.

నాటుట, నీరు, ఎరువు

వసంతారంభమున గాని, ఎండలు తగ్గిన శరత్కాలారంభమున గాని నాటవలెను. కుండీలోని వేరుముద్దకు రెండు మూడింతల వెడల్పుగా గొయ్యి త్రవ్వి, లోతు మాత్రము ఆ ముద్దయంతయే యుంచవలెను. లోతుగా బాతిపెట్టిన మొక్క కుళ్ళును. వేళ్ళు కుండీలో జుట్టలు చుట్టుకొనియున్న యెడల వ్రేళ్ళతో మెల్లగా విడదీయవలెను. త్రవ్విన మంటిలో బాగుగా మాగిన యాకుటెరువును గలిపి పూడ్చి, నిండుగా నీరు పోయవలెను.

పిదప రెండు మూడంగుళముల మందమున ఎండుటాకులనో, పైనుచెట్ల బెరడుముక్కలనో మొదట బఱచవలెను. ఈ కప్పు తేమను నిలుపును, కలుపును అణచును, చలికాలమున వేళ్ళను గాచును. కాండమునకు మాత్రము అంటరాదు, రెండంగుళముల యెడముండవలెను.

మొదటి రెండు వేసవులలో నీటికి లోపము రానీయరాదు. వారమున కొక యంగుళపు వానకు సమమైన నీరు కావలెను. అది యొకటి రెండు మాఱులుగా లోతునకు దిగునట్లు పోయవలెను. దినదినము పైపైన జల్లినచో వేళ్ళు పైననే యుండి యెండకు దాళలేవు. నడిమధ్యాహ్నమున ఆకులు వ్రేలాడినంతనే బిందె పట్టుకొని పరుగెత్తరాదు. సాయంకాలమునకు దామే లేచినచో దాహము గాదు, ఎండవేడి మాత్రమే. తెల్లవాఱినను వ్రేలాడుచున్నచో, లేదా వ్రేలు గ్రుచ్చిచూడగా రెండంగుళముల లోతున మన్ను పొడిగా నున్నచో, అప్పుడు పోయవలెను.

ఎరువు వసంతమున నొక్కమాఱు చాలును. పచ్చికబయలుకు జల్లు నత్రజనిప్రధానమైన యెరువు పొదమొదటికి జేరకుండ జూచుకొనవలెను. దానివలన ఆకులు నల్లగా, నిండుగా వచ్చును. పూవు మాత్రము వెనుకబడును.

కత్తెర

ఇక ముఖ్యవిషయము. మాక్రోఫిల్లా, క్వెర్సిఫోలియాలు రాబోవు వేసవికి గావలసిన పూమొగ్గను ఈ సంవత్సరము వేసవి చివరనుండి శరత్కాలములోపలనే కొమ్మచివరల గట్టుకొనును. ఆ మొగ్గ చలికాలమంతయు బుడిపెవలె నిదురించి, వసంతమున విచ్చును. శీతలదేశములలో ఆకు రాలిన తరువాత పెరళ్ళు శుభ్రముచేయు నాచారము గలదు. కూలికి వచ్చిన తోటవారు అన్నిపొదలను ఒక్కతీరున గుండ్రముగా గొఱిగిపోవుదురు. ఆ దినమున రాలినవి పుల్లలు గావు, రాబోవు సంవత్సరపు పూవులు. ఆకు బాగుగా వచ్చి పూవు రాని మాక్రోఫిల్లాను జూచినచో మొదట అడుగవలసిన ప్రశ్న "ఎప్పుడు కోసితివమ్మా?" యనునదే.

ఈ రెండు రకములను గోయవలసివచ్చినచో, పూత వాడినవెంటనే, ఆగష్టు మొదటివారము దాటకముందే కోయవలెను. అదియు పైపైన గొఱుగుట గాదు. మిక్కిలి ముదిరిన కాండములలో మూడవవంతును నేలమట్టమున దీసివేయవలెను. మూడేండ్లలో బొదయంతయు గ్రొత్తదగును, ఒక్కయేడైనను పూత తప్పదు. చోటు చాలియున్నచో అసలు కోయకున్నను దోషము లేదు.

పానికులాటా, అర్బోరెసెన్సులు క్రొత్తచిగురుపై బూచునవి గనుక చలికాలము చివర, ఫిబ్రవరి, మార్చి నెలలలో గోయవచ్చును. ఇచ్చట నొక ధర్మసూక్ష్మము గలదు. పెద్దపొద వేఱు, పెద్దపూవు వేఱు. కొమ్మలను మిక్కిలిగా దగ్గించినచో మిగిలిన కొద్దికొమ్మలకే బలమంతయు జేరి గుత్తులు పెద్దవగును. కాని లేతకొమ్మలు ఆ బరువు మోయలేక వానలో నేలకు వ్రాలును. కొద్దిగా గోసినచో గుత్తులు కొంచెము చిన్నవైనను లెక్కకు హెచ్చును, కొమ్మ ముదిరి గట్టిపడును, పొద యెత్తెక్కును. కావున పెద్దపొద కోరునామె పానికులాటాలో ఎండిన గుత్తులను, విఱిగిన కొమ్మలను, ఒకదానినొకటి రాచుకొను పుల్లలను మాత్రమే తీయవలెను. అర్బోరెసెన్సును నేలమట్టముగా గోయక, ఒక అడుగునర యెత్తు కాండము నుంచినచో క్రొత్తచిగుళ్ళకు అది ఊతకఱ్ఱవలె బనికివచ్చును.

2004లో "ఎండ్‌లెస్ సమ్మర్" అను పేర వెలువడిన మాక్రోఫిల్లా పాతకొమ్మపైనను క్రొత్తచిగురుపైనను బూచునది. చలిదెబ్బకు దఱుచుగా మొగ్గ పోవు ప్రాంతములవారికి అట్టి రకములు మేలు.

వసంతమున మఱియొక యాపద గలదు. పొదయంతయు ఎండుపుల్లలవలె గనబడును. చచ్చినదని తలచి మొదలంట నఱకివేయుట సహజము. అట్లు చేయకుడు. గోటితో బెరడును గొంచెము గీఱి చూడుడు. లోపల బచ్చగా నున్నచో ప్రాణమున్నది. ఆకులు పూర్తిగా విచ్చువఱకు ఓపికపట్టి, అప్పుడును చిగురింపని కొనలను మాత్రము, బ్రతికియున్న మొగ్గజత పైవఱకు దీసివేయవలెను.

చలికాపు

మాక్రోఫిల్లా వేళ్ళు చలికి చావకపోయినను కొమ్మపైనున్న మొగ్గ చచ్చును. ముఖ్యముగా వసంతమున జిగురించిన తరువాత వచ్చు మంచు దానికి శత్రువు. వాడిన పూగుత్తులను శరత్కాలమున గోయక అట్లే యుంచినచో క్రిందిమొగ్గలకు గొంత కప్పుగా నుండును. చలి హెచ్చుగానుండుచోట పొదచుట్టును తీగవల నిలిపి, లోపల నెండుటాకులు నింపి, మంచుభయము తీఱినపిదప దీయవలెను. రాత్రి మంచుపడునని తెలిసినచో సాయంకాలమున పాతదుప్పటి కప్పి, ఉదయమున దీసివేసినను మేలు. పానికులాటాకు ఈ శ్రమ యేమియు నక్కఱలేదు.

నీలమా, గులాబియా?

ఒకే మొక్క యొకరియింట నీలముగను, మఱియొకరి యింట గులాబిగను బూచుట మాయ గాదు. మంటిలోని అల్యూమినియము పూవును జేరినచో నీలము, చేరనిచో గులాబి. మన్ను పులుపుగా నున్నప్పుడు, అనగా పి.హెచ్. అను కొలత 5.5కు లోపలనున్నప్పుడు, అల్యూమినియము కరగి వేళ్ళకందును. 6.5కు బైబడినచో మంటిలో నున్నను కరగక, వేళ్ళ కందదు. నడుమ నున్నచో ఊదాకలగలుపు రంగు వచ్చును. మన నీలగిరులలో, కూనూరు, ఉదకమండలముల నుద్యానములలో నీలిగుత్తులు కనబడుటకు గారణమిదియే. తేయాకు పెరుగు ఆ కొండమన్ను పులుపుది.

క్రొత్తయింటి గోడదాపున నాటిన నీలిమొక్క మఱుసటియేడు గులాబిగా బూచినచో నర్సరీవారు మోసగించిరనుకొనరాదు. గోడలోని సున్నము, సిమెంటు మంటిలో గలియుటయే హేతువు. నీలము కావలెనన్నచో, నర్సరీలలో దొరకు అల్యూమినియం సల్ఫేటును నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్దచెంచాడు కలిపి, ముందుగా తడిపిన మంటిపై వసంతమున బోయవలెను. ఆ ఋతువులో రెండు మూడు మాఱులకు మించరాదు, హెచ్చైన వేళ్ళు మాడును. ఎముకలపొడివంటి భాస్వరపుటెరువులు అల్యూమినియమును బంధించును గనుక నీలము కోరువారు వానిని మానవలెను. గులాబి కావలెనన్నచో తోటసున్నము కొంచెము చల్లవలెను. తెల్లని రకములపై ఈ ప్రయత్నము లేవియు బనిచేయవు.

మొక్కనుండి మొక్క

ఒక పొద యున్నచో పదిపొదలు చేసికొనవచ్చును. జూన్, జూలై మాసములలో పూవులేని లేతకొమ్మనుండి నాలుగైదంగుళముల ముక్కను గణుపుక్రింద గోసి, పై రెండాకులను మాత్రముంచి, అవియు పెద్దవైనచో సగము కత్తిరించి, ఇసుక గలిసిన తడిమంటిలో గ్రుచ్చి నీడన నుంచవలెను. పైన పలుచని గాజుసీసానో, పారదర్శకమైన సంచినో కప్పినచో మూడు నాలుగు వారములలో వేళ్ళు దిగును. అంతకంటె సులభమైనది నేలఅంటు. క్రిందికొమ్మను వంచి, నేలనంటుచోట బెరడు కొంచెము గీఱి, మన్ను గప్పి, పైన రాయి పెట్టవలెను. మఱుసటి వసంతమునకు వేఱుచేసి నాటవచ్చును. ఈ మధ్యకాలమున వెలువడిన కొన్ని రకములకు హక్కుపత్రములు గలవు. అట్టివానిని అంటుకట్టుట ఆ దేశచట్టము నిషేధించును గనుక చీటి చూచుకొనవలెను.

ఈ చేతిమార్పిడివలననే యొక గొప్పరకము లోకమునకు దక్కినది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు అన్నా పట్టణము దగ్గఱి యడవిలో, 1910 ప్రాంతమున, హ్యారియెట్ కిర్క్‌ప్యాట్రిక్ అను నామె పెద్దపెద్ద తెల్లని బంతులతో బూచిన యొక అర్బోరెసెన్సును గనిపెట్టి, తెచ్చి తనపెరట నాటినది. ఇరుగుపొరుగు వారికి అంట్లు పంచినది. వర్తకుల కేమియు దెలియకయే ఏబదేండ్లు ఆ పొద ఒకరి పెరటినుండి మఱొకరి పెరటికి నడచినది. 1960 తరువాతనే ఇల్లినాయి విశ్వవిద్యాలయపు పండితుడు మెక్‌డేనియల్ దానిని జూచి, "అన్నాబెల్" అని పేరుపెట్టి నర్సరీల కెక్కించెను. నేడు శీతలదేశములలో నది లేని వీథి యరుదు.

మన మైదానములలో

ఇక గోదావరి, కృష్ణా తీరములందును, రాయలసీమ, తెలంగాణములందును నున్న సోదరీమణులకు దాచక చెప్పవలసిన మాట యొకటి. ఈ పొద మనకు బెద్దపొద కాజాలదు. మాక్రోఫిల్లాకు మొగ్గకట్టుటకు జల్లదనము కావలెను. ఆ మొగ్గ విచ్చుటకు ముందు కొన్ని వారముల నిజమైన చలి కావలెను. మనకు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. పెక్కుచోట్ల బావినీరు సున్నపుబాళ్ళుగలది. నిండుపూతతో నమ్మకమునకు వచ్చు కుండీలు చల్లనిచోట బెంచి తెచ్చినవి. పదిహేను దినములు గదిలో జూచి యానందించుటకు గొన్నచో సరే. పెరట నాటి తరతరముల పొద చేయవలెనన్న కోరికతో గొనవలదు. ఉదకమండలము, కొడైకెనాలు, డార్జిలింగువంటి కొండయూళ్ళలో నున్నవారు నిశ్చింతగా నాటవచ్చును. బెంగుళూరువంటి యెత్తైన పట్టణములలో మధ్యాహ్నపునీడన కుండీలో ప్రయత్నింపవచ్చును.

విదేశములనుండి వచ్చు కూతుండ్ర పెట్టెలలో కొమ్మలు తెప్పించుటయు దగదు. 2003లో మన ప్రభుత్వము చేసిన ఉత్తర్వు ననుసరించి, అనుమతియు ఆరోగ్యధ్రువపత్రమును లేక బయటిదేశపు మొక్కలను దేరాదు. ఒక కొమ్మతో వచ్చిన తెగులు ఒక జిల్లా పంటను జెఱుపగలదు.

గుండ్రని గుత్తుల పెద్దపొద మనకును గావలెనన్నచో, దక్షిణభారతమే పుట్టినిల్లైన నూఱువరహాలు గలదు. ఎండకోర్చును, ఎనిమిదడుగుల వఱకు నెత్తు పెరుగును, దేవునికిని జడకును బనికివచ్చును. దీనికిని పులుపుమన్నే ప్రియము. సున్నపుగోడ దాపున ఆకు పచ్చబడి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగా మిగులుట చూచినచో, అమెరికాలోని హైడ్రాంజియా గులాబిరంగు దాల్చుటకును దీనికిని మూల మా సున్నమే యని గ్రహింపవలెను. గోడనుండి మూడడుగులు దూరముగా నాటి, ఆకుటెరువు నిండుగా నిచ్చినచో కోలుకొనును.

రెండు హెచ్చరికలు

హైడ్రాంజియా ఆకులలోను మొగ్గలలోను విషగుణము గలదు. తిన్నచో కడుపునొప్పి, వాంతులు కలుగును. ప్రాకు పసిబిడ్డలు, కుక్కలు, పశువులు కొఱుకకుండ జూడవలెను. పిండివంటల పళ్ళెములపై నలంకారమునకును ఉంచరాదు. కోసినవారు చేతులు కడుగుకొనవలెను.

రెండవది, కోసినపూవు నీరు లేనిదే నిలువదు. జడలో దుఱిమినచో గడియలో వాడును. కూజాలోని గుత్తి తల వాల్చినచో పాఱవేయక, గుత్తినంతయు అరగంట చల్లనినీట ముంచి, కాడ కొన కొంచెము కోసి మరల నుంచుడు, తఱుచుగా దేఱుకొనును. ఎండబెట్టి దాచుకొనవలెనన్నచో నిండుపూతలో గోయక, వేసవి చివర గుత్తి చేతికి గాగితమువలె దగిలినప్పుడు కోసి, అంగుళము నీరున్న కూజాలో నుంచి, ఆ నీరు దానంతటదియే యింకిపోవువఱకు వదలవలెను. రంగు కొంత నిలిచి చలికాలమంతయు గదిలో నుండును.

గుర్తుంచుకొనవలసిన నెలలు: పానికులాటా, అర్బోరెసెన్సుల కత్తిరింపు ఫిబ్రవరి, మార్చి, ఎరువు ఏప్రిల్, అంట్లు జూన్, జూలై, మాక్రోఫిల్లా, క్వెర్సిఫోలియాల కత్తిరింపు పూత వాడగనే, ఆగష్టు మొదటివారములోపల, అటుపిమ్మట వసంతమువఱకు ఆ రెండింటిపై కత్తెర పెట్టరాదు. దూరదేశములలోని కూతుండ్రకును కోడండ్రకును ఉత్తరము వ్రాయునపుడు ఈ నాలుగు పంక్తులను జేర్చి పంపుడు. తోటవారు గంపయు గత్తెరయు దీసికొని వచ్చు దినమునకు ముందే యది వారికందినచో మేలు.